కుడివైపు నుంచి దీవి

రేవు గేటు దాటగానే వ్యాన్లన్నీ ఎడమకి తిరగడం తప్పు. అతనూ ఆ డ్రైవర్లలో ఒకడు. ఆ తప్పు ఎత్తి చూపింది అతని భార్య. నవ్వింది ఆమె సొంత తమ్ముడు. ఆ నవ్వు విన్నాక ఆమె మళ్లీ డ్రైవర్ల షెడ్డు గడప తొక్కలేదు. తొక్కకుండానే పోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ దీవి చిన్నది. మధ్యలో కొండ, కొండ చుట్టూ ఒకటే రోడ్డు, రోడ్డు చుట్టూ సముద్రం. పొద్దున్నే దక్షిణాన ఉన్న రేవుకి ఓడ వస్తుంది, జనం దిగుతారు. వ్యాన్లు వాళ్లని దీవి చుట్టూ తిప్పి సాయంత్రానికి మళ్లీ ఓడెక్కిస్తాయి. తూర్పున జలపాతం, దాని కిందుగా సముద్రం తొలుచుకున్న గుహ. ఉత్తరాన కొండ అంచు. పడమర పగడాల తీరం, తెల్లటి ఇసుక. చూడదగ్గవన్నీ దేవుడు పెట్టాడు. చూపించే బుద్ధి మాత్రం డ్రైవర్లకి పెట్టలేదు.

ఎడమకి తిరిగితే పొద్దున్నే పడమటి తీరం వస్తుంది. అప్పటికింకా కొండ నీడ నీళ్ల మీద నుంచి లేవదు. పగడాలు కాదు కదా, పాదాలు కూడా కనిపించవు. జలపాతం దగ్గరికి చేరేసరికి సాయంత్రమవుతుంది, ఎండ కొండ అవతలికి దిగిపోతుంది. జనం ఆ మసక నీళ్ల ముందు నిలబడి, మొహమాటానికి ఒక ఫొటో తీసుకుని, దోమల్ని తోలుకుంటూ వ్యానెక్కేవాళ్లు.

అతని భార్య రేవులో ఎండటోపీలు అల్లి అమ్మేది. వెళ్లేటప్పుడు కొన్నవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఆమెతోనే చెప్పేవాళ్లు, "టోపీ బాగుందమ్మా, మీ దీవే బాగాలేదు" అని. విని విని ఒకరోజు చేతిలో సగం అల్లిన టోపీతోనే షెడ్డులోకి వెళ్లింది.

"కుడికి తిరగండిరా. పొద్దున ఎండ తూర్పునుంటుంది, సాయంత్రం పడమరనుంటుంది. ఎండతో పాటు పోవాలి గానీ, ఎండ లేని చోటు వెతుక్కుంటూ పోతారేంటి?"

"నాన్న ఎడమకే తిరిగేవాడక్కా," అన్నాడు తమ్ముడు. దీవిలో మొదటి వ్యాను వాళ్ల నాన్నది. ఆ పేరు మీదే ఇతను షెడ్డుకి పెద్దయ్యాడు.

"నాన్నది డొక్కు బండి. కుడివైపు మిట్ట ఎక్కేది కాదు. అందుకని ఎడమకి తిరిగి, చివర్లో ఆ మిట్ట దిగేవాడు. టికెట్లు చింపుతూ ఆయన పక్కన కూర్చున్నదాన్ని నేను. నీకప్పటికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు."

షెడ్డంతా గొల్లున నవ్వింది. తమ్ముడి మొహం మాడింది.

"టోపీలు అల్లేవాళ్లు రూట్లు చెబితే, బళ్లు తోలేవాళ్లం టోపీలు అల్లుకోవాలి," అన్నాడు. నవ్వు ఆమె మీదకి మళ్లింది.

తమ్ముడు అంతటితో ఊరుకోలేదు. కుడికి తిరిగినవాడి బండిని వరస నుంచి తీసెయ్యాలని అప్పటికప్పుడు అందరి చేతా చేతులెత్తించాడు. ఎత్తనిది ఆమె మొగుడొక్కడే. వరసలో చోటు పోతే రేవులో జనం దొరకరు, జనం దొరకకపోతే పొయ్యి వెలగదు. ఆ రాత్రి ఆమే అంది, "మీరు ఎడమకే పొండి. నా మాట కోసం కడుపు మాడ్చుకోవద్దు."

ఆమె పోయినప్పుడు బామ్మర్ది ఏడ్చాడు. బాగానే ఏడ్చాడు. మర్నాడు ఎడమకే తిరిగాడు.

తర్వాత ఓడ కంపెనీ నుంచి ఒక మేడమ్ దిగింది. ఈ దీవిలో చూడ్డానికేమీ లేదని జనం గోల పెడుతున్నారట. ఒక్కసారి తిరిగి చూస్తానంది. నచ్చకపోతే ఓడ ఇక పక్క దీవికే పోతుందంది.

ఆవేళ వరసలో ముందున్నది అతని బండి.

"బావా, ఇవాళొక్కరోజు వెనక్కి తగ్గు," అన్నాడు బామ్మర్ది. "మేడమ్‌ని నా ఏసీ బండిలో ఎక్కిస్తా."

"వరస వరసే. నువ్వు పెట్టిందే."

"మొండి బావని కదిలించే బదులు ఓడని తోసుకో అన్నా, అదే సులువు," అన్నాడు రేడియో. నోరు మూతపడని డ్రైవరు అతను, ఆ పేరు అందుకే వచ్చింది. ఈ గొడవ తేలేలోపే మేడమ్ వచ్చి అతని పక్క సీట్లో కూర్చుంది.

గేటు దాటాక అతను కుడికి తిప్పాడు.

వెనక హారన్లు మోగాయి. "బావా! మతి పోయిందా?" అన్న కేక కూడా వినబడింది. మేడమ్ అద్దంలో చూసింది. "వాళ్లంతా అటు వెళ్తున్నారే?"

"వెళ్లనీండి."

మిట్ట ఎక్కుతూ అతను గేరు మార్చాడు. వరసలో చోటు పోయినట్టే. పోతే పోనీ. కానీ ఇన్నేళ్లలో పొద్దున పూట ఆ జలపాతాన్ని అతనూ చూడలేదు. ఈ పూటకల్లా పడమటి తీరంలోనే ఉండేవాడు. మేడమ్ పెదవి విరిస్తే భార్య మాట రెండోసారి నవ్వులపాలవుతుంది. ఆ మాట పడనివ్వడానికి వీల్లేదు.

మలుపు తిరిగారు.

ఎండ సూటిగా జలపాతం మొహం మీద కొడుతోంది. నీళ్లు పైనుంచి కింద దాకా వెండిలా మెరుస్తున్నాయి. లేచిన తుంపరలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి హరివిల్లు నిలబడింది. వెనక సీటులోని ముసలాయన బండి ఆగకముందే తలుపు తీశాడు. జనం బట్టలతోనే నీళ్లలోకి నడిచారు. మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ల వెనకే వెళ్లింది.

అతను బండి దగ్గరే నిలబడ్డాడు. మొహం మీద తుంపర పడుతుంటే తుడుచుకోలేదు.

గుహలో ఎండ నీళ్ల అడుగుదాకా దిగింది. గోడలన్నీ నీలంగా వెలిగాయి.

ఉత్తరాన కొండ అంచు రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. అందరూ ఒకే దిక్కున తిరిగినన్నాళ్లూ ఆ ఇబ్బంది తెలియలేదు. సన్నటి దారంతా దాటి అతను చివరికొచ్చేసరికి, ఎదురుగా బామ్మర్ది ఏసీ బండి వచ్చి ఆగింది. దాని వెనక మిగతా బళ్లన్నీ.

"వెనక్కి తియ్యి బావా!"

అతను ఇంజను ఆపేశాడు. చేతులు కట్టుకున్నాడు.

అతని బండిలోని జనం తడి బట్టలతో దిగి, ఫోనుల్లో ఫొటోలు ఎదుటివాళ్లకి చూపించారు. "ఇది ఈ దీవేనా?" అంది ఒకావిడ. "మాకు పొద్దుట్నుంచి నీడ తప్ప ఏం చూపించారు?" అని తన డ్రైవరు మీద లేచింది.

మేడమ్ దిగి బామ్మర్ది కిటికీ దగ్గరికి వెళ్లింది. "మీరు అటునుంచే ఎందుకు తిరుగుతారు?"

"మా నాన్న అలాగే తిరిగేవాడు మేడమ్."

"ఆయన ఎందుకు తిరిగేవారు?"

వెనక బండి కిటికీలోంచి తల బయటపెట్టిన రేడియో ఆగలేకపోయాడు. "వాళ్ల నాన్న బండి మిట్ట ఎక్కేది కాదు మేడమ్! అక్క ఎప్పుడో చెప్పింది, మేమే నవ్వాం!"

"అయితే ఇప్పుడు మీరే వెనక్కి తియ్యండి," అంది మేడమ్.

చివరి బండి ముందు కదిలింది. దాని తర్వాత దాని ముందుది, ఆ తర్వాత ఇంకొకటి. దీవిలోని వ్యాన్లన్నీ వరసగా వెనక్కి నడిచాయి. డ్రైవర్లు కిటికీల్లోంచి మెడలు చాచి, ఒకరినొకరు తిట్టుకుంటూ నడిపారు. ఆఖరున ఏసీ బండి, అతని బండికి మొహం పెట్టి, అంగుళం అంగుళం వెనక్కి జరిగింది. బామ్మర్ది తలెత్తలేదు. అతను ఆ తలనే చూస్తూ, దాన్ని తరుముకుంటూ మెల్లగా ముందుకి తోలాడు. అంత నిదానంగా అతనెప్పుడూ బండి తోలలేదు. అంత సుఖంగానూ తోలలేదు.

వెడల్పు చోటు రాగానే అన్నీ తిరిగి అతని వెనక చేరాయి. పడమటి తీరంలో ఎండ నీళ్లలోకి వాలి, పగడాలు ఎర్రగా, పసుపుగా పైకి తేలాయి. జనాన్ని బయటికి రప్పించడం కష్టమైంది. చివరికి అతని బండి ముందు, మిగతావన్నీ వెనక, రేవులోకి ఎడమ రోడ్డు మీదుగా వచ్చాయి. ఓడ ఇక్కడికే వస్తుందని చెప్పి మేడమ్ వెళ్లిపోయింది.

షెడ్డులో బామ్మర్ది దగ్గరికొచ్చాడు. "రేపట్నుంచి అందరం కుడికే బావా. అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం. మిట్ట మీద అక్క పేరున బోర్డు కూడా పెట్టిద్దాం."

"ఆవిడ ఇక్కడికొచ్చిన రోజు కూర్చోమని ఎవడూ అనలేదు. ఇప్పుడు బోర్డెక్కిస్తావా? వద్దు."

"తప్పయిపోయింది బావా."

"అయింది."

"మనసులో పెట్టుకోకు."

"పెట్టుకుంటాను. వరసలో నా చోటెక్కడ?"

"ముందే బావా. ఎప్పటికీ ముందే."

"సరే." అతను తాళాలు తీసుకుని లేచాడు. "విను. ఇవాళ జరిగింది గానీ, ఆవేళ జరిగింది గానీ నా ముందు ఎత్తకు. నువ్వే కాదు, ఎవడూ ఎత్తొద్దు. నన్నడిగినా చెప్పను. ఇదే ఆఖరు."

రేడియో ఏదో అనబోయాడు. అతను అటు చూశాడు. రేడియో నోరు మూసుకున్నాడు.