బొగ్గా, పాలా?

పొద్దు వాలితే మొండయ్య తన టోపీ లైటు పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు. తాను పనిచేసిన బెల్లంపల్లి బొగ్గుబాయి మూతపడ్డప్పుడే ఆ లైటు బ్యాటరీ అప్పజెప్పేశాడు. అయినా లైటు వెలుగుతూనే ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు. పిల్లల్ని మాత్రం తీసుకొచ్చేవారు.

పన్ను వెనక ఆ లైటు పెడితే మంచి పన్ను పాలలా వెలుగుతుంది. పుచ్చు మొదలైన చోట బొగ్గురవ్వంత నీడ కనిపిస్తుంది. గుంట పడకముందే, నొప్పి రాకముందే.

"తాతా, నాది బొగ్గా, పాలా?" మనవరాలు హర్షిణి నోరు తెరిచింది.

కొత్తగా వచ్చిన ముందుపన్నులో నీడ ఉంది.

"బొగ్గేనే. జరంత."

బీడీలు చుడుతున్న కోడలు నర్మద చేతులు ఆగిపోయాయి. ఆమెకు పెళ్లికి ముందే ముందుపళ్లు పోయాయి. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

తెల్లారి ముగ్గురూ సర్కారు దవాఖానకు పోయారు. పళ్ల డాక్టరు టార్చి వేసి చూశాడు.

"గుంట లేదమ్మా. నొప్పి లేస్తే తీసుకరా."

"నాకు గట్లనే చెప్పిన్రు సార్." నర్మద కొంగు తీసింది. "నొప్పి లేసినంకనే వచ్చిన. పీకి చేతిల పెట్టిన్రు."

ఈ రాజ్యానికి పేదల నొప్పి ఒక్కటే రుజువు. ఏడవకముందే వచ్చినవాళ్లు దాని లెక్కలోకి రారు.

"కనవడనిదానికి మందెట్ల పెడ్త?" డాక్టరు విసుక్కున్నాడు. అప్పటికే మొండయ్య లైటును పిల్ల నోట్లో పెట్టాడు. "పెద్దాయనా, బాయి సామాను నోట్ల పెడ్తరా? తీయి."

"తీస్త సార్. బిడ్డా, నోరు ముయ్యి."

హర్షిణి పెదవులు బిగించింది. మొండయ్య లైటును మెల్లగా బయటికి లాగాడు. అది ఆరిపోయి ఉంది.

"ఇప్పుడు తెరువు."

పిల్ల నోట్లోంచి గదంతా పాలవెలుగు. నడుమ బొగ్గురవ్వంత నీడ.

డాక్టరు టార్చి పక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు. పన్నును ఆరబెట్టి, మందు పూత వేశాడు. "పీకే పని లేదు. పూత మళ్ల వేద్దాం, తీసుకరాండ్రి," అన్నాడు నర్మద వైపు చూడకుండా.

హర్షిణి తాత చేతిలోని చీకటి లైటును చూసింది. "ఇగ నీకెట్ల తాతా?"

"నేనేడ దిగుతున్ననే బాయిలకు."

"జరసేపు గీడనే కూసో బిడ్డా, నీ వెలుగుతోని పనున్నది," అని డాక్టరు తలుపు దగ్గరికి వెళ్లాడు. "నొప్పి లేనోళ్లు గూడ రాండ్రి."

వరుసలో దవడలు పట్టుకుని నిలబడ్డవాళ్లు మొదట కదల్లేదు. తర్వాత తమ పిల్లల్ని ముందుకు తోశారు.