పిక్క కొలత

కుడి పిక్కకు టేపు చుట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు మాస్టారు. పదిహేను అంగుళాలు. నమ్మలేక మళ్లీ చుట్టాడు. పదిహేనే. టేపు మీద ఆ అంకె పక్కన బాల్‌పెన్నుతో నీలం గీత గీశాడు. ఎడమదీ అంతే ఉంది.

పదకొండేళ్లుగా అతను జిమ్‌లో కోచ్. చేతులు పెరిగాయి, ఛాతీ పెరిగింది, మెడ పెరిగింది. పిక్కలు మాత్రం పదమూడు దాటలేదు. వెనకాల అందరూ తనను "కొంగ మాస్టారు" అంటారని తెలుసు. అందుకే మండుటెండల్లో కూడా నిక్కరు వేసుకోడు.

"అక్కా, రెండంగుళాలు పెరిగాయే!"

కుట్టుమిషను ముందు కూర్చుని అతని చొక్కా చంక కుట్లు విప్పుతున్న అక్క తలెత్తింది. అమ్మానాన్నా పోయాక ఆ మిషనే ఇద్దరినీ సాకింది. టేపూ ఆమెదే.

"పది రోజుల్లోనా? గుమ్మడికాయ కూడా అంత తొందరగా ఊరదురా. చెప్పులో కాలు పట్టడం లేదు చూడు."

"పెరిగితే ఎలా పడుతుందే!"

"సరేలే. ఇవాళ పదకొండింటికి గుండె స్కానింగు, గుర్తుందా? నేనూ వస్తాను."

గుండె గోడ మందమైందనీ, కండలు పెంచే ఆ స్టెరాయిడ్ సూదులు వెంటనే ఆపమనీ డాక్టరు రెండు నెలల కిందట చెప్పాడు. మూడు వారాలు ఆపాడు. "మాస్టారు తగ్గారు" అన్నారు జిమ్‌లో. యజమాని గోడ మీంచి అతని ఫోటో తీసేయించి కొత్త కోచ్‌ది పెట్టించాడు. మర్నాడే మళ్లీ సూది వేసుకున్నాడు. అక్కకి చెప్పలేదు.

"జబ్బున్నవాడు చిక్కిపోతాడు గానీ ఇలా పెరుగుతాడా? వచ్చే వారం వెళ్దాంలే అక్కా."

అక్క ఏదో అనబోయింది. తమ్ముడి మొహంలో ఎన్నాళ్లకో నవ్వు కనిపించేసరికి ఆగిపోయింది.

"వచ్చే వారం తప్పదు మరి" అంది.

జిమ్ రెండో అంతస్తులో ఉంది. మెట్ల మలుపు దగ్గర ఆగి, ఎవరూ చేయని ఫోను చెవిదగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఈమధ్య రోజూ అంతే. ఇవాళ నిక్కరు వేసుకున్నాడు.

"ఏం మాస్టారూ, ఎవరి కాళ్లు తెచ్చుకున్నారు?" అన్నాడు రోజూ వచ్చే బ్యాంకు గుమాస్తా.

"నావేనండీ. ఇన్నాళ్లూ దాచుకున్నాను."

అందరూ నవ్వారు. దగ్గు వచ్చేదాకా అతనూ నవ్వాడు.

మధ్యాహ్నానికి జిమ్ ఖాళీ అయింది. తడిగుడ్డతో రాడ్లు తుడిచాడు. బిళ్లలు ఒక్కొక్కటే తీసి బరువు ప్రకారం పేర్చాడు. చివరి ఇరవై కేజీల బిళ్ల ఎత్తలేక నేలమీదే వదిలేశాడు. బెంచీ మీద వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడలేదు. లేచి గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. చాపిన కాళ్లకేసి చూసుకుంటూ కళ్లు మూశాడు.

సాయంత్రం అందరికన్నా ముందు వచ్చిన గుమాస్తా, పాపం నిద్రపోతున్నాడనుకున్నాడు. లైటు వేయకుండా, చప్పుడు కాకుండా ఇరవై నిమిషాలు నడక మిషను మీద నడిచాడు. తర్వాత వచ్చి భుజం తట్టాడు.

ఆసుపత్రిలో మొహం మీదికి దుప్పటి కప్పుతున్న నర్సు అతని పిక్క మీద బొటనవేలితో నొక్కింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"నీరమ్మా ఇది. గుండె డస్సిపోతే కాళ్లలోకి దిగుతుంది. ఒక్కసారైనా చూసుకోలేదా?"

"చూసుకున్నాడమ్మా" అంది అక్క. "టేపు పెట్టి మరీ కొలుచుకున్నాడు."

ఇంట్లో, చంకలు విప్పిన చొక్కా మీద టేపు పొద్దున వదిలినట్టే పడి ఉంది. పదిహేను దగ్గర నీలం గీత, గీసినప్పుడే అతని చెమట వేలు తగిలిన చోట కాస్త అలుక్కుపోయి.