ఉమ్మడి ఫోల్డర్

"ఒకసారి ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యకపోయావా?" అన్నారు మా ఆయన, తాగేసిన కాఫీ కప్పు నా కీబోర్డు పక్కన పెట్టి. పొద్దుట్నుంచీ చేస్తున్నది అదే కదా మహానుభావా అనబోయి ఊరుకున్నాను. ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆయన ఆఫీసు పని గదిలో, తలుపు వెనకాల. నా ఆఫీసు పని హాల్లో, భోజనాల బల్ల చివర, ఇంటిల్లిపాదీ వాడే ఈ పాత కంప్యూటర్ మీద. కప్పు తీసుకెళ్ళి సింకులో పడేసొచ్చి మళ్ళీ ఆపాను, మళ్ళీ ఆన్ చేశాను. మళ్ళీ ఖాళీయే.

ఏం ఖాళీయో చెప్తాను. నేను రాసే ప్రోగ్రాములు నేరుగా కంప్యూటర్ మీద నడవవు, కంటైనర్ అనేదాంట్లో నడుస్తాయి. ఇంట్లో తలుపులు బిగించిన గది లాంటిదనుకోండి. కంప్యూటర్లోనే ఉంటుంది గానీ బయటేం జరుగుతోందో దానికి తెలీదు. అందుకని బయటున్న ఒక ఫోల్డర్ అడ్రసు దానికిచ్చి, ఇది మనిద్దరికీ ఉమ్మడి అని చెప్తాం. నేను బయట పెట్టింది దానికి లోపల కనపడాలి. శుక్రవారం దాకా కనపడింది కూడా. ఇవాళ సోమవారం. బయట చూస్తే నా ఫైళ్ళన్నీ నిక్షేపంలా ఉన్నాయి. లోపలికెళ్ళి చూస్తే ఫోల్డరుంది, పేరుంది, అందులో ఒక్క ఫైలూ లేదు. పోనీ ఫలానాది తప్పు అని ఎర్రక్షరాల్లో తిట్టిందా అంటే అదీ లేదు. తిట్టినా బాగుండేది, ఏం తప్పు చేశానో తెలిసేది.

సాయంత్రం నాలుగింటికి నా ప్రోగ్రాముని నడిపి చూపించాలి. ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం ఇది. కూర్చున్నాక అని నేనూ అనేస్తున్నాను చూశారా! పిల్లని పెంచి, అత్తయ్య మోకాళ్ళ ఆపరేషన్లు దాటించి, వచ్చేపోయే వాళ్ళందరికీ పెట్టిపోసి, నేను కూర్చున్నదెప్పుడట? మూడు నెలలు చూస్తాం, చివర్లో పని చూపిస్తే ఉంచుకుంటాం, లేకపోతే లేదు అన్నారు. ఆ చివరి రోజు ఇవాళే. మా టీమ్‌కి పెద్ద, లీడ్ అంటాం, మా ఆయనకి కాలేజీ స్నేహితుడు. ఆయన్ని బావా అంటాడు, నన్ను మీటింగులో నలుగురి ముందూ చెల్లెమ్మా అంటాడు. సార్ అనాలో అన్నయ్యగారూ అనాలో తేలక, నేను ఏమీ అనకుండానే మాట్లాడటం నేర్చుకున్నాను.

పొద్దున లీడ్ ఫోన్ చేసి ఎంతవరకొచ్చిందని అడిగాడు. "ఫైళ్ళు కనపడట్లేదండీ, నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను" అన్నాను. మా ఆయన ఎదురుగానే కూర్చుని టిఫిన్ తింటున్నారు. ఆ మాట నా నోట్లోంచి అలా వచ్చేసింది, చూడకుండానే, వెతక్కుండానే.

రాకేం చేస్తుంది? ఇన్నేళ్ళ అభ్యాసం. పాలు పొంగితే "నీ ధ్యాస ఎక్కడుందమ్మా" అంటారు అత్తయ్య. బీరువా తాళాలు కనపడకపోతే "నువ్వే ఎక్కడో పెట్టుంటావ్" అంటారు ఆయన. నేను ఇల్లంతా తిరగేసి, మంచాల కింద దూరి, ఆఖరికి ఆ తాళాలు ఆయన ప్యాంటు జేబులో దొరికితే "అరె, ఇక్కడున్నాయే!" అని నవ్వేస్తారు, అక్కడితో సరి. మా ఇంట్లో వస్తువు పోతే పోగొట్టిన మనిషి ఉంటుంది, దొరికితే మాత్రం దాచిన మనిషి ఉండడు. అలా అలా నాకూ ఒక అలవాటైపోయింది. ఏం చెడినా ముందు నన్ను నేనే నిలదీసుకుంటాను. ఇవాళా అదే చేశాను. అనుమతులు సరిగ్గా ఇవ్వలేదేమోనని ఆ ఫోల్డర్‌కి ఉన్నవీ లేనివీ అన్నీ ఇచ్చేశాను. కంటైనర్‌ని పడగొట్టి మళ్ళీ కట్టాను. అడ్రసులో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఒకటో తరగతి పిల్లలా చదివాను. ఈ అడ్రసులో ఫోల్డర్ ఉందా అని కంప్యూటర్‌ని అడిగితే ఉందంటుంది. మరి లోపల ఖాళీ ఏమిటి? శుక్రవారం కట్టేసేముందు నేనే ఏదో నొక్కానేమో. కుక్కర్ కూత పెడితే లేచాను, అప్పుడేమైనా చేశానా? గుర్తు లేదు. గుర్తు లేకపోవడమేమిటి, ఈ వయసుకే? నిజం చెప్పాలంటే భయమేసింది. నాకిక ఈ పని రాదేమో, వీళ్ళందరూ అనేది నిజమేనేమో అనిపించింది.

మధ్యలో ఆయన మంచినీళ్ళకి బయటికొచ్చి నా మొహం చూశారు. "అవకపోతే అవలేదని చెప్పెయ్. నీ జీతం మీద బతుకుతున్నామా ఏంటి?" అన్నారు, ఓదార్పుగానే. నేను బతుకుతున్నానండీ అనాలని తట్టేసరికి ఆయన గది తలుపు మూసుకుపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"ఏమ్మాయ్, ఇంకా తెమల్లేదా?"

"లేదత్తయ్యా."

"ఏం చోద్యమో! నా కొడుకు నిన్న ఓ పూటంతా దాని ముందే కూర్చుని సర్దాడు, పాపం. అది నిండిపోయిందట, నీకు నెమ్మదిగా నడుస్తోందట. నడుం పట్టేసిందన్నాడు కూడాను. వాడంత చేసినా నీకు పనవ్వట్లేదంటే ఎలాగమ్మా?"

కీబోర్డు మీద నా వేళ్ళు ఆగిపోయాయి. "ఏం సర్దారత్తయ్యా?"

"నాకేం తెలుసే తల్లీ. ఇక్కడివి తీసి అక్కడ పెట్టాడట."

అప్పటిదాకా నేను బయట నా ఫోల్డర్‌ని తెర మీదున్న బొమ్మ నొక్కే తెరుస్తున్నాను. ఇప్పుడు బొమ్మ జోలికి పోకుండా, కంటైనర్‌కి ఇచ్చిన అడ్రసే చేత్తో కొట్టి తెరిచాను. ఖాళీ. బొమ్మ నొక్కాను. నిండుగా ఉంది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు! నిండుగా ఉన్నదాని అడ్రసు తీసి చూస్తే, అది ఆయన కొత్తగా తగిలించిన డిస్కులో, 'ఇతరాలు' అనే ఫోల్డర్లో ఉంది. పాత కరెంటు బిల్లులు, ఫ్రిజ్ వారంటీ కాగితం, ఎవరిదో విమానం టికెట్టు, వాటి మధ్య మూడు నెలల నా పని. ఇతరాలు! కంటైనర్‌కి ఒక గుణముంది. చెప్పిన అడ్రసులో ఫోల్డర్ లేకపోతే లేదని గొడవ చెయ్యదు, అదే పేరుతో ఖాళీది ఒకటి పుట్టించుకుని ఉందిగా అంటుంది. ఈ సంగతి నాకు తెలీనిది కాదు, నా తర్వాత చేరినవాళ్ళకి నేనే చెప్పాను. ఇవాళ తట్టలేదంటే, నన్ను నేను అనుమానించుకోడంలో తీరికెక్కడిది?

వెళ్ళి ఆయన గది తలుపు తీశాను.

"నిన్న నా ఫోల్డర్ మీరు తీశారా?"

"నేనేం ముట్టుకోలేదే," అన్నారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "సర్దానంతే."

"నాకు చెప్పాలి కదండీ."

"చెప్పడానికేముంది? ఎక్కడిది అక్కడే కనపడేలా షార్ట్‌కట్ పెట్టాను కదా, నీకు తేడా తెలీకుండా."

వెనక్కొచ్చి అడ్రసు మార్చాను. ఫైళ్ళన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. మొత్తం ఒకసారి నడిపి చూసుకున్నాను.

నాలుగింటికి వీడియో కాల్‌లో అందరూ చేరారు. నేను నోరు తెరిచేలోపే లీడ్ అందుకున్నాడు. "చెల్లెమ్మా, నువ్వేం కంగారు పడకు. పొరపాటైందని పొద్దున నువ్వే అన్నావుగా. ఇంటి పనీ ఇదీ అంటే కష్టమే, మాకు తెలీదా? ఈ పని ఇంకొకరికి అప్పజెబుతున్నాం. నీ సంగతి తర్వాతెప్పుడైనా చూద్దాం."

నా మాట పట్టుకునే నన్ను పంపించేస్తున్నారు! "పనిచేస్తోందండీ," అన్నాను. నడిపి చూపించాను. మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచింది.

"భేష్! మరి పొద్దున ఏమైంది?"

ఈలోపు మా ఆయన గదిలోంచి వచ్చి, కెమెరాకి కనపడకుండా పక్కన నిలబడ్డారు. సిస్టమ్ ప్రాబ్లమ్ అను, సిస్టమ్ ప్రాబ్లమ్ అని పెదాలతో చెప్తున్నారు, చెయ్యి ఊపుతూ. నా నాలుక మీద నా పొరపాటేనండీ అనే మాట సిద్ధంగానే ఉంది. దాన్ని మింగేశాను.

"పొద్దున నేను చెప్పింది తప్పండీ. పొరపాటు నాది కాదు. మా ఆయన నన్నడక్కుండా నా ఫోల్డర్ తీసి ఇంకోచోట పెట్టారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. "బావేనా!" అన్నాడు లీడ్, తనూ నవ్వబోయి, నేను నవ్వకపోవడం చూసి గొంతు సవరించుకున్నాడు. "సరేనండీ. రేపు ఉద్యోగం ఆర్డరు పంపిస్తాం. ఈ పని మీరే చూసుకోండి."

కాల్ కట్టయ్యీ కాకముందే మా ఆయన మొదలెట్టారు. "నలుగురిలో నా పరువు తీశావు కదా! వాడు కాలేజీ వాళ్ళందరికీ చెప్తాడు. సిస్టమ్ ప్రాబ్లమ్ అంటే నీ సొమ్మేం పోయేది?"

"మొగుడి మాట పైవాళ్ళ దగ్గర ఎత్తుతారటమ్మా," అన్నారు అత్తయ్య.

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. పొద్దుట్నుంచీ చూసిన చిక్కుల్లో ఒకటి మాత్రం ఇంకా విడలేదు, అది అడిగితే గానీ తెలీదు.

"ఒక్కటి చెప్పండి. పొద్దున ఫోన్లో నేను నా పొరపాటే అంటున్నప్పుడు మీరు ఎదురుగా కూర్చుని తింటున్నారు. నిన్న మీరు సర్దిన సంగతి అప్పుడు మీకు గుర్తుందా, లేదా?"

ఆయన అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య ఆయన వైపు చూశారు. వంటింటి గడియారంలో చూస్తే రాత్రి వంటకి లేవాల్సిన వేళ దాటిపోతోంది. నేను కుర్చీని ఆయన వైపు తిప్పుకుని కూర్చున్నాను.

"ఆలోచించుకునే చెప్పండి. మీరు చెప్పేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."