గాజులు కలవని సీను

బోధన్‌లో పదో తరగతి మధ్యలో మానేసి సినిమాల్లోకి వెళ్లాను. నాలుగేళ్లలో మూడు సినిమాలు చేశాను. మూడింట్లోనూ హీరోయిన్ వెనక నడిచే స్నేహితురాలినే. ఒకదాంట్లో రెండు మాటలున్నాయి గానీ అవీ వేరేవాళ్ల గొంతుతో వినిపించాయి. తర్వాత లాజరుతో పెళ్లి, నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర కాపురం, పాప. ఇక అయిపోయిందనుకున్నాను.

1999లో ఒక టీవీ సీరియల్ వాళ్లు రుద్రూర్ చెరుకు తోటల్లో రెండు రోజులు తీస్తూ వదిన వేషానికి నన్ను పిలిచారు. బాగా చేస్తే వంద ఎపిసోడ్లట. లేదంటే వదిన పుట్టింటికి పోయిందని ఒక్క మాటతో తీసేస్తామని డైరెక్టరు ముందే చెప్పాడు. ఎనిమిది నెలల పాపను బోధన్‌లో మా అవ్వ శారమ్మ దగ్గర వదిలి వెళ్లాను. డైలాగు చెప్తున్నా మనసంతా పాప పాలు తాగిందో లేదోననే.

మరిదిని తిట్టే సీను సగమయ్యేసరికి పొద్దు వాలింది. మిగతాది రేపన్నారు. ఇదే చీర, ఇవే ఆరు పచ్చగాజులు, ఏదీ మారొద్దని మేనేజరు రెండుసార్లు చెప్పాడు.

బోధన్‌లో ఇంటికొస్తే చిన్నాన్న కూతురి పెండ్లికి గాజులు తొడిగిస్తున్నారు. పాపను ఒళ్లో వేసుకుని పాలిస్తూ కూర్చున్నాను. మేనత్త బాలవ్వ నా చెయ్యి గాజులామెకు అందించింది. పాప ఒళ్లు వెచ్చగా ఉందా అని చూసుకుంటున్న నేను తేరుకునేసరికి రెండు చేతులకూ పచ్చగాజుల పక్కన డజనేసి ఎర్రగాజులు. తీద్దామంటే సబ్బు రాసినా రాలేదు. పగలగొట్టాల్సిందే.

"పెండ్లి కాకముందే గాజులు పలగ్గొడ్తవానే? నీ సీరియల్ కోసం గా పిల్ల పెండ్లి ఆగం జేస్తవా?" అంది బాలవ్వ.

ఆమె మాట కాదనలేకపోయాను.

మర్నాడు డైరెక్టరు నా చేతులు చూశాడు. వదినను పుట్టింటికి పంపేలా రాయమని అసిస్టెంటుకు చెప్పాడు. పక్క మడిలో కూలీలు చెరుకు కొట్టిన చోట ఆకు కుప్పలు పడి ఉన్నాయి. వెళ్లి రెండు చేతులా కావలించి ఒక మోపంత ఎత్తుకొచ్చాను. మోచేతుల దాకా ఏమీ కనిపించడం లేదు.

"నిన్న ఉత్త చేతులతో ఉన్నావు. ఇవాళ ఈ మోపెక్కడిది?" అన్నాడు డైరెక్టరు.

"నిన్నటి సంది తిడుతున్న గద సార్. మా దిక్కు ఆడోళ్లు ఉత్తగ నిలబడి కొట్లాడరు. తిట్టుకుంటనే బర్రెకు ఆకు ఏరుకుంటరు."

కెమెరా దగ్గరున్నాయన నవ్వాడు. డైరెక్టరు నవ్వలేదు, కానీ లైట్లు వెయ్యమన్నాడు. చెరుకాకు చేతులు కోస్తుంటే ఆ మంటంతా డైలాగులోకి వచ్చింది. మరిది వేషమతను నిజంగానే ఒకడుగు వెనక్కి వేశాడు.

సోమవారం హైదరాబాదు రమ్మని మేనేజరు చెప్పాడు. పాపను తెచ్చుకోవచ్చా అని డైరెక్టరునే అడిగాను.

"ఏడవకపోతే తెచ్చుకో."

"ఏడుస్తది సార్," అన్నాను. "తెచ్చుకుంట."