దర్జీ పెట్టిన గుర్తు

చెంచాడు పాలు నోట్లో పడగానే దర్జీకి పొలమారింది. కళ్లు ఎర్రబడేదాకా దగ్గాడు.

"ఇంకొక్క చెంచా అండీ, నా కోసం" అని భార్య బతిమాలింది. చూసినవాళ్లు ఎంత ప్రేమో అనుకున్నారు. ఆ ప్రేమే ఆయన ఊపిరితిత్తుల్లోకి పోతోందని ఎవరికి చెప్పేది!

పక్షవాతంతో ఆయనకు మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది, మింగడం చేతకావడం లేదు. ముక్కులో వేసిన గొట్టాన్ని రెండుసార్లు లాగేసుకున్నాడు. అప్పుడే డాక్టరమ్మ ఆయన ఎడమ పక్కటెముకల కింద వేలు పెట్టి చూపించింది.

"ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఇక్కణ్ణుంచి నేరుగా పొట్టలోకి గొట్టం వేస్తాం. ఇక్కడ మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తాం. తిండి ఇందులోంచి పంపొచ్చు. మింగడం తిరిగొస్తే తీసేస్తాం."

"పొట్టకి చిల్లా! నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు బావమరిది.

"ఆ నలుగురూ వచ్చి నాన్న చేత మింగిస్తారా మావయ్యా?" అంది కూతురు. చిన్నపిల్ల మాట ఎవరు వింటారు! రెండుసార్లు వాయిదా వేశారు. ఆరు వారాల్లో మనిషి తన చొక్కాలోనే కనబడకుండా పోయాడు.

మూడోసారి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "ఇంకా నీరసిస్తే ఇది కూడా చెయ్యలేం."

"ఒక్క వారం చూద్దామండీ" అన్నాడు బావమరిది. చూడ్డానికి మంచం మీది మనిషేమన్నా సినిమానా!

దర్జీ ఎడమచేత్తో మంచం కమ్మీని దబదబా బాదాడు. జేబు చూపించాడు. భార్య వెతికితే అరిగిపోయిన సుద్దముక్క దొరికింది. ఆయన చొక్కా ఎత్తి, పక్కటెముకల కింద, డాక్టరమ్మ చూపించిన చోటే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీశాడు. బావమరిది వంక చూస్తూ రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు.

"ఇన్నాళ్లూ ఈయన్ని ఒక్కరైనా అడిగారా?" అంది డాక్టరమ్మ.

"మాట రాదు కదా అని..." భార్య నసిగింది.

"మాట పోయిందమ్మా. చెవులూ బుర్రా ఎక్కడికీ పోలేదు."

అరగంటలో పని అయిపోయింది. మర్నాడు గొట్టంలోంచి పాలు పోస్తుంటే దగ్గు రాలేదు. భార్య ఏడ్చింది. సరే, ఏడవనీ. వృథాగా పస్తులున్న ఆ ఆరు వారాలు మాత్రం ఆయనకు ఎవరు తిరిగిస్తారు?

రోగి మంచం చుట్టూ చేరి తీర్పులు చెప్పే పెద్దలారా, మీ సలహాలు తర్వాత. పొట్ట ఎవరిదో ముందు వాళ్లని అడగండి.