ముందు ఎక్కు ఖాలా

మెట్రో అంటే నాకు మంట. ఉదయగిరి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు బండి తోలుకుని బతికేవాడికి ఆ పేరు వింటే మంట గాక ఇంకేముంటుంది? ఆత్మకూరులో టీకి ఆగితే చాలు, ఎవడో ఒకడు మొదలెడతాడు. "ఇషాక్ భాయ్, నెల్లూరులో రైలెక్కి సెంట్రల్లో దిగితే, ఆడ్నించి ఎయిర్‌పోర్టు దాకా మెట్రో ఉండాది గదా, ఇంక నీ బండెందుకు?" అంటాడు. "సామాన్లు నువ్వు మోస్తావా?" అని అరుస్తాను. నా బండి ఎక్కినవాళ్ళకు ఒక్కరికి కూడా విమానం తప్పిపోలేదు. నాకున్న పేరల్లా అదొక్కటే.

ఖాజాబీ ఉమ్రాకు బయల్దేరిన రోజు ఆ పేరు కాస్తా పోయేలా ఉండింది. ఆమె మా వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఖాలానే, అంటే పిన్నమ్మే. భర్త బడే సాహెబ్ కొయ్య గరిటెలు చెక్కుతాడు. ఇద్దరూ మక్కా ప్రయాణం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. సాగనంపడానికి కూతురు ఆస్మా, పక్కింటి సుబ్బరత్నమ్మ బండెక్కారు. సుబ్బరత్నమ్మయితే తన మేకల్ని చెల్లెలికి అప్పజెప్పి మరీ వచ్చింది.

ఉమ్రాకు పోయేవాళ్ళు ముందుగా అందరి దగ్గరా మాఫీ అడుగుతారు. తెలిసో తెలియకో ఏదైనా అనుంటే మాఫ్ చెయ్యమంటారు. అవతలివాళ్ళు 'మాఫ్ చేశాను' అని నోరు తెరిచి చెప్పాలి. ఎవరైనా చెప్పకపోతే అక్కడ తను చేసే ప్రార్థన, ఆ దువా, పైకి పోదని ఖాలా నమ్మకం. అందుకని వీధి వీధంతా తిరిగి అడిగింది. అది చాలదన్నట్టు ఆత్మకూరులో బండి ఆపించి, ఎప్పుడో బేరంలో తిట్టిన గాజులామెను సంతంతా వెతికింది. ఆలస్యం అక్కడ మొదలైంది.

మిగతాది చెన్నైలో, మన్నడిలో పూర్తయింది. అక్కడ బడే సాహెబ్ చెల్లెలి ఇల్లుంది. అన్నా వదినలు మక్కాకు పోతుంటే బిర్యానీ పెట్టకుండా ఆవిడ ఎందుకు పంపుతుంది? తిని, చేతులు కడుక్కుని, బండి వీధి మలుపు తిప్పానో లేదో, ఎదర ఎక్కడో లారీ ఆగిపోయిందట, ముందుకూ లేదు వెనక్కూ లేదు. నేను హారన్ కొడుతున్నాను. ఎవరు వింటారు?

వెనక సీట్లోంచి ఖాలా గొంతు లేచింది. "ఈ సందులో ఎందుకు దూర్చినావురా? నీకు బండి తోలడం చేతగాదు!"

ఎవరు? నేనా? ఒళ్ళు భగ్గుమంది. బిర్యానీ తిన్నది ఎవరు, గాజులామెను వెతికింది ఎవరు? హారన్ ఇంకా గట్టిగా నొక్కాను.

"ఇషాకన్నా, మెట్రో స్టేషన్ పక్క వీధిలోనే ఉండాది" అంది ఆస్మా మెల్లగా. "దాంట్లో పోతే అందుకుంటాం. ఈడే కూర్చుంటే ఫ్లైట్ పోతాది."

ఇదీ నా ఖర్మ. నా చేతులతో నేనే సామాన్లు దించాను. బడే సాహెబ్ చెల్లెలి మొగుణ్ణి పిలిచి బండి తాళం చేతిలో పెట్టి, పెట్టెలు మోసుకుంటూ వాళ్ళ వెంట నేల కిందికి దిగాను. ప్లాట్‌ఫాం మీద ఒక్క కాగితం ముక్క లేదు. అది చూసి ఇంకా ఒళ్ళు మండింది.

రైలొచ్చింది. తలుపు తెరుచుకోగానే సుబ్బరత్నమ్మ దూసుకుపోయి ఖాలా కోసం సీటు మీద తువ్వాలు పరిచింది. పాస్‌పోర్టుల సంచీ మెడలో వేసుకుని బడే సాహెబ్ ఎక్కాడు. ఆస్మా పెట్టెలు లాక్కుంది. ఖాలా మాత్రం తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఇషాక్, ఇందాక చేతగాదన్నాను. మాఫ్ చెయ్ నాయనా."

"ముందు ఎక్కు ఖాలా!"

"మాఫ్ చేసినానని చెప్పు, ఎక్కుతా."

"ఇది మన బస్సు గాదు, ఆగదు! ఎక్కు!"

"ఒక్క మాటే గదరా!"

ఒక్క మాటే. కానీ ఆ 'చేతగాదు' నా గొంతుకు అడ్డం పడింది. అయినా మా ఊళ్ళో కౌగిలింతలూ కన్నీళ్ళూ అన్నీ అయ్యాకే డ్రైవరు బస్సు కదిలిస్తాడు. ఆ అలవాటే ఖాలాది. ఈ రైలుకు అదేం తెలుసు? గంట మోగింది, తలుపు మూసుకుంది. అద్దం వెనక బడే సాహెబ్ నోరు తెరుచుకుని అలాగే వెళ్ళిపోయాడు. పాస్‌పోర్టులు అటు, ఖాలా ఇటు.

ఆస్మాకు ఫోన్ చేశాను. "ఎవరూ దిగొద్దు! ఎయిర్‌పోర్టులోనే దిగండి!"

"మా అబ్బా దిగతానంటుండాడు అన్నా! సుబ్బరత్నమ్మత్త చొక్కా పట్టుకోనుండాది!"

మేకల్ని పట్టిన చెయ్యి, వదలదులే అని ధైర్యం తెచ్చుకున్నాను. తర్వాతి రైలుకు ఖాలాను ముందు తోసి, వెనక నేను ఎక్కాను. ఒకమ్మాయి లేచి సీటిచ్చింది. ఖాలా ఆ అమ్మాయిని కూడా మాఫీ అడిగింది. తెలుగు రాకపోయినా ఆ పిల్ల నవ్వి ఆమె చెయ్యి పట్టుకుంది.

నన్ను మాత్రం అడగలేదు. "నిన్ను ఇంక అడగను పో. అడిగితే తలుపు మూసుకుంటాది" అని మొహం తిప్పేసింది. కళ్ళలో నీళ్ళు. నా ప్రాణం ఉసూరుమంది.

గిండీకి ముందే రైలు నేల మీదికి వచ్చి, ఇంకా పైకెక్కింది. కిందికి చూశాను. రోడ్డు నిండా కార్లు, బస్సులు, ఎక్కడివక్కడే. వాటిలో నా బండి కూడా ఉండేది. మేమేమో వాటన్నిటి మీదుగా పరుగు. హారన్ లేదు, తిట్లు లేవు. నిజం చెప్పొద్దూ, బాగుంది.

ఎయిర్‌పోర్టు గేటు ముందు బడే సాహెబ్ నిలబడి ఉన్నాడు. సుబ్బరత్నమ్మ ఇంకా చొక్కా వదల్లేదు. వాళ్ళను మక్కాకు తీసుకుపోయే టూరు పెద్దమనిషి "రండమ్మా, రండి!" అని కేకలు పెడుతున్నాడు. ఆస్మా కన్నీళ్ళు తుడుచుకునే లోపే పాస్‌పోర్టులు చూపించి ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. మాకు ఆ గేటు దాటే వీల్లేదు.

అప్పుడు నా గొంతు తెరుచుకుంది. "ఖాలా! మాఫ్ చేసినాను! నువ్వు కూడా నన్ను మాఫ్ చెయ్ ఖాలా!"

ఆ గోలలో ఆమెకేం వినిపిస్తుంది? మళ్ళీ అరిచాను. గేటు దగ్గరి జవాను నా వైపు కోపంగా వచ్చాడు. దండం పెట్టి, వచ్చిన ఉర్దూలో గబగబా సంగతి చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత లోపలికి తిరిగి, హాలంతా అదిరేట్టు కేకేశాడు. "మా జీ! ఆప్‌కా బేటా మాఫ్ కర్ దియా బోల్ రహా హై!" అమ్మా, నీ కొడుకు మాఫ్ చేశానంటున్నాడని.

వరుసంతా ఆగింది. ఖాలా తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. మక్కా చేరకముందే, నా కోసం. నాకు ఏడుపాగలేదు.

"వచ్చేటప్పుడు నీ బండేరా!" అని అరిచింది.

"బండి మన్నడిలో పెట్టుకోనుంటా!" అని నేనూ అరిచాను. "ఆడి దాకా మెట్రోలో రా ఖాలా!"

ఖాలా నవ్వింది, అంత దూరం నుంచీ కనిపించేలా. మళ్ళీ ఏదో చెప్పబోయింది.

"ముందు ఎక్కు ఖాలా!" అన్నాను.