అల్లుడి ముందు నడిచే ఉద్యోగం

మా ఆయనది నడిచే ఉద్యోగం. వేళాకోళం కాదండీ, నిజమే చెబుతున్నాను. మా ఆసుపత్రికి మందుల పెట్టె మోసుకెళ్లే రోబో ఒకటి వచ్చింది. దాని ముందు నడుస్తూ "జరగండమ్మా, జరగండి బాబూ" అని కేకలెయ్యాలి. అంతే పని. అంతకుముందు ఆ మందుల్ని ఆయనే బండిలో తోసుకెళ్లేవారు. రోబో వచ్చాక బండ్లు తోసేవాళ్లందరినీ ఇంటికి పంపేసి, గొంతు పెద్దదని ఈయన్నొక్కర్నే ఉంచుకున్నారు. కాస్త మెల్లగా మాట్లాడండి మహాప్రభో అని పెళ్లయిన దగ్గర్నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. నా మాట వినకపోవడం వల్ల ఆయనకు జరిగిన మేలు ఇదొక్కటే.

ఇరుగుపొరుగు దగ్గర మాత్రం "రోబో డిపార్ట్‌మెంట్‌లో చేస్తున్నాను" అని చెప్పుకుంటారు. నేను కాదనను. అదే ఆసుపత్రిలో, కుట్టు గదిలో దుప్పట్లకు అంచులు కుడతాను నేను. మొగుడి మాట పదిమందిలో తీసెయ్యడం నాకిష్టం ఉండదు. ఇంట్లో అయితే అది వేరే సంగతి.

రోబోకి మేం పెట్టుకున్న పేరు అల్లుడు. తెల్లగా, నున్నగా, నడుమెత్తున ఉంటుంది. వేళకి కరెంటు పెట్టాలి. తడి తగలకూడదు, ఎండ తగలకూడదు. ఎవరైనా ఎదురొస్తే పక్కకు తప్పుకోవడం దాని ఇంటావంటా లేదు. ఉన్నచోటే అలిగి నిలబడి, తేనె పూసిన గొంతుతో "దయచేసి దారి ఇవ్వగలరు" అంటుంది. డాక్టర్ల గదుల ముందు వరండాలో అసలే ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ మాట ఎవరు పట్టించుకుంటారు? మైకులో ఏదో చెబుతున్నారనుకుంటారు. ఒక ముసలామె "నడుం నొప్పి తల్లీ, నువ్వే పక్కనుంచి వెళ్లు" అని దాన్ని బతిమాలింది. ఇంకొకాయన దాని నెత్తిన చేతిసంచి పెట్టి తీరిగ్గా చెమట తుడుచుకున్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు మేనేజరు గారు మా ఆయన్ని పిలిచి చల్లగా చెప్పారు. సోమవారం అల్లుడికి పరీక్షట. మందుల గది నుంచి వరండా దాటి, లిఫ్టులో పై వార్డు దాకా ఒంటరిగా వెళ్లాలి. మా ఆయన వరండాలో బెంచీ మీద కూర్చోవాలి, నోరు విప్పకూడదు. అల్లుడు చేరితే ఈయన ఇంటికి. చేరకపోతే ఉద్యోగం నిలుస్తుంది.

ఆ వేళ భోజనం దగ్గర ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. భయమేసింది.

"ఈ వయసులో నన్నింకెవరు పెట్టుకుంటారే? అరవడం తప్ప నాకేం వచ్చు?" అన్నారు చివరికి.

"మీరు ఊరుకోండి" అన్నాను. ఆయన్ని ఊరుకోమన్నాను గానీ నేను ఊరుకోలేదు.

మర్నాడే కుట్టు గదిలో వాళ్లనీ, కాంటీన్‌లో వాళ్లనీ కూడగట్టాను. ఎవరూ అల్లుడి మీద చెయ్యి వెయ్యకూడదు. ఊరికే వరండాలో నిలబడాలి. నిలబడటం తప్పేం కాదు కదా! పరీక్షే కాబట్టి పెట్టె ఖాళీగా వెళుతుందని అనుకున్నాను. ఖాళీ పెట్టెను ఆపితే ఎవరికేం నష్టం?

సోమవారం వచ్చింది. రోబో కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, మా చెల్లెలి కూతురంత ఉంటుంది. చేతిలో ఫోను, కళ్లకింద నలుపు. పాపం ఆ పిల్లకీ పైన అజమాయిషీ చేసేవాళ్లు ఎవరో ఉండే ఉంటారు అనిపించింది. మరుక్షణమే ఆ పాపాన్ని పక్కన పెట్టి, మా కత్తెరక్కను పిలిచాను. కుట్టు గదిలో గుడ్డ కత్తిరించేది ఆవిడే. ఇద్దరం ఒక పెద్ద దుప్పటి చెరో కొసా పట్టుకుని వరండాకి అడ్డంగా మడతపెట్టడం మొదలెట్టాం. ఎంతకీ మడత కుదిరితేగా! మా వెనక కాంటీన్ వాళ్లు గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు.

అల్లుడొచ్చాడు. ఆగాడు. "దయచేసి దారి ఇవ్వగలరు."

మాకు వినపడలేదు. మళ్లీ అన్నాడు. మళ్లీ వినపడలేదు. మేనేజరు గారు గడియారం చూసుకున్నారు. నా సంతోషం ఇంతా అంతా కాదు. బెంచీ మీదున్న మా ఆయన వైపు తిరిగి కన్ను కొట్టాను. ఆయన నన్ను చూస్తేగా! పెట్టెనే చూస్తున్నారు. రెండు చేతులతో బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"పై వార్డులో కాలు ఆపరేషనైన పెద్దాయనకి నొప్పి మందమ్మా అది! పొద్దుట్నుంచి అల్లాడిపోతున్నాడు! జరగండి! ఒసేయ్, నువ్వు కూడా!"

జనమంతా గోడలకు అతుక్కుపోయారు. పెట్టె ఖాళీ కాదన్నమాట! దుప్పటి నా చేతిలోంచి జారిపోయింది. అల్లుడు నా పక్కనుంచి గర్వంగా వెళ్లిపోయాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే ఆయన మీద ఒళ్లు మండింది కూడా. ఈ వేషాలన్నీ నేను ఎవరికోసం వేసినట్టు?

మేనేజరు గారు పెదవి విరిచారు. "మనిషి అరిస్తే గానీ కదల్లేదు. అంటే పరీక్ష తప్పినట్టే. నువ్వు రేపట్నుంచి మామూలుగానే వచ్చెయ్యవయ్యా" అని వెళ్లిపోయారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. కత్తెరక్క నన్ను వాటేసుకుంది. ఇక ఇంటికెళ్లి ఆ "ఒసేయ్" సంగతి తేల్చుకుందామని ఆయన దగ్గరికి వెళ్లాను.

ఆయన ఆ అమ్మాయి దగ్గర నిలబడి ఉన్నారు. ఆ పిల్ల ఫోను చూసుకుంటూ, "అదీ దారే అడిగింది, మీరూ దారే అడిగారు. మీరంటే కదిలారు. ఎందుకో అర్థం కావట్లేదు బాబాయ్" అంటోంది.

ఈయన గొంతు తగ్గించారు. ఆయనకు గొంతు తగ్గించడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. "ఊరికే దారి ఇమ్మంటే ఎవరిస్తారు తల్లీ? మందు ఎవరికో చెప్పించు. పైన ఎవరు ఎదురు చూస్తున్నారో దానిచేత చెప్పించు. వాళ్లే జరుగుతారు."

ఆ పిల్ల మొహం విప్పారింది. "అయితే మీ గొంతే రికార్డు చేసి దానికి పెడతాను. ఒక్కసారి ఇందులో అంటారా బాబాయ్?" అని ఫోను ముందుకు చాపింది.

నేను వెనకనుంచి గట్టిగా గిల్లాను. "ఏమండీ! మీ ఉద్యోగం!"

"తెలుసే" అన్నారు. "రేపు నేను జ్వరమొచ్చి రాకపోతే? ఆ పెద్దాయన మూలుగు నువ్వు వినలేదు. నేను విన్నాను."

నా చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టారు. చొక్కా సర్దుకున్నారు. ఫోను దగ్గరికి వంగి గొంతు సవరించుకున్నారు.